డిశ్చార్జి బుక్కు

మస్కట్‌లోని ఘుబ్రాలో మా బిల్డింగు వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని కనిపించగానే ఆగిపోయాను. ఆయన ఆర్మీలో హవల్దారుగా చేసి వచ్చిన నిజామాబాద్ మనిషి. డ్యూటీలో ఆయన కూర్చోవడం రెండేళ్లలో నేను చూడలేదు. ఆయన గేటు దగ్గర నిలబడి ఉంటేనే పిల్లల్ని ఆటకు పంపేదాన్ని.

"ఏమైంది బాబాయ్?"

"బిడ్డకు ఇంజనీరింగుల సీటొచ్చింది తల్లీ. మాజీ సైనికుల పిల్లలకు ఫీజు మిలటరీ స్కాలర్‌షిప్పే కడతది. గానీ వారంల ఆర్మీల ఇచ్చిన నా డిశ్చార్జి బుక్కు సూపెట్టాలె. అసలుది."

ఆ బుక్కు ఆయన్ని పనిలో పెట్టుకున్న సెక్యూరిటీ కంపెనీ బీరువాలో ఉంది. చేరిన రోజు మేనేజరు పాస్‌పోర్టే అడిగినా, పై అధికారి దగ్గర ఏదీ దాచకూడదని ఈయన అదీ ఇచ్చేశారు. ఇప్పుడు అడిగితే, కాంట్రాక్టు అయ్యేదాకా ఏ కాగితమూ ఇవ్వననీ, కావాలంటే వీసా రద్దు చేసుకుని పొమ్మనీ అన్నాడట ఆ మేనేజరు.

"ఇంకోసారి బతిమాలి చూడండి."

"ఏం బతిమాలుడు బిడ్డా? ఇరవై ఏండ్లు మంచుల నిలబడి సంపాయించిన సదువు అది. ఈ నౌకరి అంటవా, ఇంకోటి దొరుకుతది."

లేచి, చొక్కా సర్దుకుని, నేరుగా ఆఫీసుకు నడిచారు. నాలుగో రోజు బుక్కు తీసుకుని ఊరెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర కొత్త మనిషిని చూసి, "తాతను తీసేశారా అమ్మా?" అన్నారు పిల్లలు.

"లేదు, తాతే మానేశారు. అక్కను కాలేజీలో చేర్పించాలిగా," అన్నాను.