భోంగా మోగని పొద్దు

ఆ రోజుల్లో, అంటే అరవైల్లో, కంపెనీ తరఫున జనానికి నాలుగు మంచి మాటలు చెప్పడం కూడా ఒక ఉద్యోగమని మా జహీరాబాదులో ఎవరికీ తెలియదు. చెప్తే నవ్వేవారు. మా నూనె మిల్లు మేనేజరుకు మాత్రం ఆ ఆలోచన ఎక్కడ తగిలిందో తగిలింది, తెలుగూ ఉర్దూ రెండూ రాస్తానని నన్ను ప్రచార గుమాస్తాగా పెట్టుకున్నాడు. అప్పటికి నాకు మీసం కూడా సరిగా రాలేదు (కాటుకతో దిద్దుకునేవాణ్ణి, ఎండలో అది గడ్డం మీదికి దిగేది). గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆ మేనేజరు మొదటి రోజే పాఠం చెప్పాడు: "జనం అడిగాక చెప్తే అది సంజాయిషీ. అడక్కముందే చెప్తే అదీ ప్రచారం!" నేను ఆ ముక్కను ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి వల్లించాను.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. న్యాల్‌కల్, రాయికోడ్ వైపు నుంచి పల్లీ బండ్లు రావడం ఆగింది, గానుగలు ఆగాయి. మేనేజరు నాతో గేటు మీద బోర్డు రాయించాడు. "యంత్రాల మరమ్మతు జరుగుతున్నది. బొంబాయి నుంచి సామాను వస్తున్నది. త్వరలో మిల్లు నడుస్తుంది." అక్షరాలకు నీడలు కూడా దిద్దాను. ఇంకో విచిత్రం, మిల్లు నడవకున్నా పొద్దున, సాయంత్రం భోంగా మాత్రం మోగేది (మిల్లు కూతను మావాళ్ళు భోంగా అనేవారు). కేవలం ఆ కూత కోసం బాయిలరులో పల్లీ పొట్టు తగలేసేవారు. కూత వినగానే కూలీలు, జీతం లేకున్నా, సద్ది డబ్బాలు పట్టుకుని వచ్చి గేటు నీడలో కూర్చునేవారు. రానివాడి పేరు కొట్టేస్తారేమోనని భయం. సద్ది తిని, సాయంత్రం కూతకు లేచి, అలసిపోయినవాళ్ళలాగే ఇళ్ళకు పోయేవారు. ఆ బోర్డును అందరికంటే ఎక్కువ నమ్మింది నేనే.

వాళ్ళలో మా చిన్నాయన ఒకడు. బీదరులో ఇంకో మిల్లు మేస్త్రీ ఆయనకు కబురు పెట్టాడు, దసరాలోపు వస్తే చోటుంది, తర్వాత లేదని. ఇంట్లో నలుగురు పిల్లలు. చిన్నాయన నా దగ్గరికొచ్చి, "జర నిజం చెప్పురా, మిల్లు నడుస్తదా? లేకుంటే నేను బీదర్ పోత," అన్నాడు. నేను జవాబుగా బోర్డును పైకి చదివి వినిపించాను, నాటకంలో పద్యంలాగా. "గట్లయితె ఫికర్ లేదు," అని ఆయన ఉండిపోయాడు. దసరా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒక పొద్దున భోంగా మోగలేదు. పొట్టు అయిపోయింది, అంతే. కానీ మా బజారులో చెప్పాపెట్టకుండా దుకాణం మూశారంటే ఆ ఇంట్లో చావు జరిగినట్టే లెక్క. మేనేజరు ముసలితల్లి బంగ్లాలో చాన్నాళ్ళుగా దగ్గుతూ ఉంది. ఇంకేం, ఆమె పోయిందనుకున్నారు. చావింట్లో పొయ్యి వెలిగించరు గదా, ఎవరి సద్ది డబ్బా వాళ్ళు పట్టుకుని అందరూ తలలు వంచుకుని బంగ్లాకు నడిచారు. ముందు చిన్నాయన, చేతిలో జొన్నరొట్టెలు, పప్పు. వెనక నేను, ముఖం వీలైనంత దిగులుగా పెట్టుకుని.

గుంపును చూసి ముసలమ్మే కర్ర పట్టుకుని బయటికొచ్చింది.

"ఎవరు పోయారయ్యా?" అని అడిగింది.

చిన్నాయన డబ్బా కిందికి దించి, "మీరే అనుకున్నమమ్మా," అన్నాడు.

లోపలినుంచి మేనేజరు మూతి తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి అర్థమై నావైపు చూశాడు. "చెప్పవోయ్," అన్నాడు. నాకు వచ్చింది బోర్డు మీది మాటలే. ముసలమ్మ కొడుకువైపు తిరిగి, "అన్నం పట్టుకొచ్చిన వాళ్ళకి నువ్వు చెప్పరా," అని కసిరింది. అప్పుడు ఆయన నేల చూస్తూ చెప్పాడు. బొంబాయి నుంచి సామానేమీ రావడం లేదు. మిల్లు అమ్ముడుపోయేదాకా నడుస్తున్నట్టే కనబడాలని మిల్లు యజమాని, హైదరాబాదు సేటు హుకుం. కొనేవాడు దొరకలేదు. మిల్లు ఇక లేదు.

తిట్టారా, రాళ్ళు వేశారా అంటే అదేం లేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు పరామర్శకు కూర్చున్నట్టే వాకిట్లో కూర్చున్నారు. ఎవరో ముక్కు చీదారు. చావింటికి తెచ్చిన కూడు తిరిగి పట్టుకుపోకూడదని డబ్బాలు ముసలమ్మ ముందు ఖాళీ చేశారు. ఆ పూట జీతం లేని కూలీల రొట్టె మేనేజరు ఇంట్లో గుట్టలా పడింది.

చిన్నాయన బీదరు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత కోహీర్ రోడ్డు పనిలో కంకర కొట్టాడు, నడుము పోయేదాకా. కానీ ఆ రోజు, బంగ్లా నుంచి ఇంటికి నా పక్కనే నడిచాడు. ఇంటి దగ్గరికొచ్చాక, "నీ రాత మస్తుంటదిరా. సదివితె నమ్మబుద్ధయితది," అన్నాడు. నిజం చెప్పొద్దూ, అంత దుఃఖంలోనూ చిన్నాయన నన్ను మెచ్చుకున్నాడని లోలోపల మురిసిపోయాను. తర్వాత పెద్ద పెద్ద కంపెనీల్లో అదే పని చేసి రిటైరయ్యాను, అంత గొప్ప మెప్పు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. ఆ కాటుక మీసాల కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతుంటే చూసి మా ఆవిడ ఎందుకని అడుగుతుంది, నేను కాటుక మీసం సంగతి వరకే చెప్తాను.