పెద్దమ్మ ఊ కొట్టని కథ

పెద్దమ్మ పోయిందని అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను సాలూరు బస్టాండులో అరకు బస్సు కోసం చూస్తున్నాను. ఆమె దగ్గరికే బయల్దేరాను. ఆమెకు నేను చెబుతున్న కథ ఒకటి సగంలో ఆగి ఉంది. ఆ ఆదివారం పూర్తి చేద్దామనుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కాను. ఘాట్ రోడ్డు పొడుగునా ఆ మిగిలిన సగం నాతోనే ఉంది.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. ముంచింగిపుట్టు దాటాక కొండవాలులో వాళ్ళ కాఫీ తోట, రాజ్మా చేను. ఆమె మంచితనం గురించి చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్ళకే వదిలేస్తున్నాను. నాకు గుర్తొచ్చే పెద్దమ్మ ఒళ్ళో చేట పెట్టుకుని, రాజ్మా కాయలు ఒలుస్తూ, టీవీలో అంతరిక్షాన తిరిగే ఓడని తిట్టే మనిషి.

అది తెలుగులోకి డబ్బింగ్ చేసిన సీరియల్. దారి తప్పిన ఓడ ఒకటి భూమిని వెతుక్కుంటూ సీజన్ల కొద్దీ తిరుగుతుంది. ఇంట్లో అందరం దానికి అభిమానులమే, కానీ పెద్దమ్మ అభిమానం వేరు. మా ఇళ్ళలో కథ వినడానికి ఒక పద్ధతి ఉంది. వినేవాళ్ళు ఊ కొడుతూ ఉండాలి. చెప్పేవాళ్ళు ఎక్కడైనా తప్పితే, ఇందాక చచ్చిపోయిన పులి మళ్ళీ వచ్చిందనుకోండి, ఎవరూ దెబ్బలాడరు. ఊ కొట్టడం మానేస్తారు, అంతే. చెప్పేవాళ్ళు వెనక్కి వెళ్ళి సరిచేసుకుని, ఊ ఆగిన చోటి నుంచి మళ్ళీ చెప్పాలి. పెద్దమ్మ టీవీకి కూడా అలాగే ఊ కొట్టేది.

"ఆడికి నీ ఊ వినిపిస్తదేటి?" అని పెదనాన్న వెక్కిరించేవాడు.

"వినిపించక్కర్నేదు. నాకు తెలిస్తే సాలు," అనేది.

మొదటి సీజన్లో నీళ్ళంటే వణికిపోయిన కెప్టెన్, తర్వాత ఒక సీజన్లో సముద్రంలోకి దూకి హాయిగా ఈదేశాడు. పెద్దమ్మ ఊ ఆగింది. తోబుట్టువులే లేరని ఏడ్చిన డాక్టరమ్మకి ఉన్నట్టుండి తమ్ముడు ఊడిపడ్డాడు. మళ్ళీ ఆగింది. వాట్సాప్‌లో ఈ సీరియల్ అభిమానుల గ్రూపులో నేనూ ఉన్నాను. అది వేరే టైమ్‌లైన్, అంటే ఇంకో లోకంలో జరిగిన కథ అని అందులో ఎవరో వెనకేసుకొస్తే, పెద్దమ్మకి చదివి వినిపించాను.

"తప్పు సేసినోడు దాక్కోడానికి బాగుందే, ఆ టైమ్‌లైను," అంది.

రైటర్లు మారారట పెద్దమ్మా, అన్నాను.

"వండినోళ్ళు మారితే నిన్న తిన్న కూడు మారిపోద్దేటి?"

ఇంత తిట్టి మళ్ళీ ఎందుకు చూస్తావని అడిగితే, "పరాయోళ్ళ కతైతే తిడతానేటి?" అనేది. వానకి డిష్ పోయిన రోజున మిగతా ఎపిసోడ్ తనే చెప్పేది. నిజం చెప్పొద్దూ, టీవీ వాళ్ళకన్నా బాగుండేది. ఒక కథని, దాంట్లో మనుషుల్ని అంత పట్టించుకుని వినొచ్చని నాకు నేర్పింది ఆమే.

ఒక్క విషయంలో మాత్రం ఆమె నవ్వేది కాదు. ఓడలో ఒక మెకానిక్ పిల్ల ఉండేది. పేలుడులో ఎడమ చెవి పోయింది. మంచు గ్రహం మీద ఆ పిల్లని వదిలి, తిరిగొచ్చి తీసుకెళ్తామని మాటిచ్చి, కెప్టెన్ ఓడ ఎక్కేశాడు. ఆ తర్వాత ఎవరూ ఆ పిల్ల పేరెత్తలేదు. అభిమానులూ మర్చిపోయారు. కొత్త సీజన్ మొదలైనప్పుడల్లా పెద్దమ్మ అడిగేది, "ఈపాలైనా ఆ గుంటని తెస్తారేటే? మాటిచ్చి ఎల్లిపోనాడు. మంచులో ఎదురుసూస్తుంటది కదే." అప్పట్లో అది కాస్త చాదస్తంగానే అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు.

ఆఖరి సీజన్ వస్తుందని తెలిసిన రోజుల్లోనే ఆమెని పెద్దాసుపత్రిలో చేర్చారు. నేను మంచం పక్కన కూర్చున్నాను.

"ఆళ్ళు సెప్పీదాకా నేనుండను. నువ్వు సెప్పు."

"నేను చెప్తే అది అసలు కథ కాదు కదా, పెద్దమ్మా."

"సరిగ్గా సెప్తే అదే అసలు."

చెప్పడం మొదలుపెట్టాను. ఓడ వెనక్కి తిరిగిందన్నాను. ఊ అంది. మంచు గ్రహం కనబడిందన్నాను. ఊ అంది, గొంతులో బలం లేకపోయినా. కెప్టెన్ వెనకనుంచి వచ్చి, ఆ పిల్ల ఎడమ చెవి దగ్గర మెల్లిగా పిలిచాడని, పిల్ల గిరుక్కున తిరిగిందని చెప్పాను. ఊ రాలేదు. భయపడి మొహంలోకి చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఆ సెవి పోనాది కదే," అంది.

కెప్టెన్ని వెనక్కి పంపి, కుడివైపు నుంచి రప్పించాను. ఊ అంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ఆ పిల్ల అడిగిందన్నాను. దానికి కెప్టెన్ ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఏ సాకు చెప్పినా పెద్దమ్మ ఒప్పుకోదు. నేను ఆలోచిస్తుండగానే ఆమెకు నిద్ర పట్టేసింది.

మర్నాడు నేను సాలూరులో స్కూలుకి వచ్చేయాల్సి వచ్చింది. ఆమెని ఇంటికి తీసుకెళ్ళిపోయారు. వారమంతా కెప్టెన్ జవాబు కోసం వెతికాను. శనివారం సాయంత్రం దొరికింది. "కారణమేం లేదమ్మా, మర్చిపోయాం," అని అతను తల దించుకోవాలి. పెద్దమ్మ ఊ కొట్టే జవాబు అదొక్కటే. తెల్లారగానే బస్టాండుకి వెళ్ళాను. ఒక్క రోజు ముందు దొరికి ఉంటే ఎంత బాగుండేది.

ఆఖరి సీజన్ మొన్న అయిపోయింది. పెద్దమ్మ ఇంట్లోనే చూశాం. ఓడ భూమికి చేరింది. అందరూ ఒకర్నొకరు కౌగిలించుకున్నారు, డాక్టరమ్మ తమ్ముడితో సహా. మంచు గ్రహం ఊసే లేదు. గ్రూపులో అందరూ ఏడుస్తున్నామని మెసేజ్‌లు పెడుతున్నారు. నాకూ ఏడుపొచ్చింది గానీ, అది వాళ్ళ ఏడుపు కాదు.

చేట ముందేసుకుని కూర్చున్న పెదనాన్న కాయలు ఒలవడం ఆపి నా వంక చూశాడు.

"ఆ గుంట ఏదే?" అన్నాడు.

టీవీలో కెప్టెన్ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఇంట్లో ఎవరం ఊ కొట్టలేదు.