ఎండలో చూడని రంగు

ప్రవీణ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పదకొండేళ్లుగా నిలబడి ఉంది. నిలబడి అని ఎందుకన్నానంటే, అక్కడ పనిచేసేవాళ్లకు కుర్చీ లేదు. చీర తెచ్చినవాళ్లకు ఆ రంగుకు కలిసే జాకెట్ గుడ్డ, ఫాల్, లంగా వెతికి ఇవ్వడం ఆమె పని. గుడ్డ దొరకగానే ఇచ్చేయదు. చీరనూ గుడ్డనూ పట్టుకుని షాపు గడప దాటి, బండ్ల మధ్య ఎండలో నిలబడి, రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ట్యూబ్‌లైటును నమ్మదు. ఒకసారి ఎవరో రామచిలుకను తెచ్చి దాని రెక్క రంగు గుడ్డ అడిగితే, పంజరాన్ని కూడా ఎండలోకి తీసుకెళ్లింది. “ఇంకొంచెం లేత పచ్చ” అని చిలుకే చెప్పింది కూడా. పంజరం వరకు నిజం. చిలుక మాట నేను కలిపాను.

మేముండేది ఆ షాపు పైనే. కాన్వెంటులో సిస్టర్లు బెత్తం పట్టి నేర్పిన ఇంగ్లీషు ఈ వయసులో చుట్టుపక్కలవాళ్ల ఫారాలు నింపడానికి పనికొస్తోంది. మొన్న వేసవిలో ఒక బుధవారం ప్రవీణ కూడా ఒక కాగితంతో మెట్లెక్కి వచ్చింది.

“తాతా, గిది జర చదివి చెప్పు. మస్తు పరేషాన్ అయితుంది.”

ఎల్బీ నగర్ మెట్రో దగ్గర కొత్తగా తెరిచిన చీరల షోరూమ్ ఇచ్చిన ఫారం అది. నాలుగో అంతస్తులో మ్యాచింగ్ విభాగం చూసుకోవడానికి ఆమెను రమ్మంటున్నారు. ఏసీ ఉంది, జీతం ఎక్కువ, అన్నిటికంటే ముఖ్యంగా కుర్చీ ఉంది. ప్రవీణ మోకాళ్లు ఏడాదిగా వాస్తున్నాయి. శుక్ర, శనివారాలు పనిచేసి చూసి, శనివారం సాయంత్రానికల్లా ఫారం నింపి ఇవ్వాలి. పాత యజమాని సీతారాములు రెండు రోజులు సెలవైతే ఇచ్చాడు గానీ, “సోమవారం పదింటికి రాకుంటే నీ జాగల ఇంకొకరిని పెడ్త” అన్నాడు.

ఫారంలో పేరు, ఊరు పోగా ఒకటే ప్రశ్న. మీరు వదులుకోలేని మూడు విలువలు రాయండి, వాటికి తగిన పనిలోనే తృప్తి ఉంటుంది అని.

“నిజాయితీ అని రాయి. అందరూ అదే రాస్తారు” అన్నాను.

“అబద్ధమైతది తాతా. ‘అక్కా, గీ రంగు నీకు మస్తుగున్నది’ అని రోజుకు ఎంతమందికి చెప్తనో! నిజం చెప్తే షాపుల ఒక్కరు నిలవడరు.”

“అయితే కుటుంబం?”

“బడంగ్‌పేట్ల ఇంటికి పోయేసరికి రాత్రి తొమ్మిది దాటుతది. మా ఆయన, ‘నువ్వు ఇంటికి చుట్టం లెక్క ఒస్తున్నవ్’ అంటడు.”

“ఆరోగ్యం?”

“గది రాస్తే నా మోకాళ్లే నవ్వుతయి.”

నాకు తెలిసిన విలువలు అంతటితో అయిపోయాయి. సిస్టర్లు ఇంకా కొన్ని చెప్పే ఉంటారు, అప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండి ఉంటాను.

శుక్రవారం బాగానే గడిచింది. “చక్రాల కుర్చీ తాతా! కాలితో తంతే గల్లపెట్టె కాడికి పోతది” అని సంబరపడింది.

శనివారం జరిగింది ఆమె చెప్పినట్టే చెబుతున్నాను, నేనేమీ కలపలేదు. చౌటుప్పల్ నుంచి సైదమ్మ అనే ఆవిడ, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు కొన్న నెమలికంఠం రంగు చీర తెచ్చింది. లైట్ల కింద గుడ్డ చక్కగా కలిసింది. “కట్టియ్యి బిడ్డా” అందావిడ. ప్రవీణ మాత్రం చీర భుజాన వేసుకుని, గుడ్డ చేత్తో పట్టుకుని, ఏమీ చెప్పకుండా లిఫ్టులోకి నడిచింది. కాళ్లకు పదకొండేళ్ల అలవాటు. గుడ్డకు బిల్లు కాలేదు కనుక కింద తలుపు దాటగానే అలారం మోగింది. గార్డు అడ్డం వచ్చాడు. మెట్ల మీదుగా సైదమ్మ కేకలు వినిపించాయి.

“నా చీర ఎత్కపోయిందిరో!”

“ఒక్క నిమిషం ఆగన్నా” అని గార్డును పక్కకు నెట్టి, ప్రవీణ రెండూ ఎండలో పట్టింది. సైదమ్మ రొప్పుతూ వచ్చి, తిట్టబోయి ఆగింది.

“అగో! చీర పచ్చగున్నది, గిది నీలం గదనే!”

షోరూమ్ మేనేజర్ సంధ్యారాణి కోప్పడలేదు. పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. “బట్ట బయటికి పోవద్దమ్మా, అది రూలు. అయినా ఫంక్షన్‌హాల్లో ఉండేవి లైట్లే కదా. ఎండలో ఎవరు చూస్తారు?”

ప్రవీణ వెళ్లి ఫారం ముందేసుకుని కూర్చుంది. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు మా మెట్ల మీద కూర్చుని నన్నే అడిగింది.

“మేడం చెప్పింది నిజమే తాతా. మరి నేను గిన్నేండ్లు ఎండల ఎందుకు చూసిన?”

“ఫారంలో ఏం రాశావు?”

“మస్తుసేపు కలం పట్టుకొని, ‘ఎండ’ అని రాసిన. గదేం విలువమ్మా అన్నది మేడం. నాకూ తెల్వదన్న. తెల్వకుంటనే కుర్చీ వద్దని ఒచ్చిన. తప్పు జేసిన్నా?”

ఏదైనా కథ అల్లి ధైర్యం చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో కింద సీతారాములు షట్టర్ లేపిన చప్పుడైంది. ప్రవీణ మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్లింది.

బాల్కనీలోంచి చూశాను. వంగపండు రంగు చీరతో ఎవరో వచ్చారు. ప్రవీణ గుడ్డతో బయటికి వచ్చింది, తిప్పి చూసింది, తల అడ్డంగా ఊపి లోపలికి పోయింది. ఇంకో గుడ్డతో వచ్చింది. మళ్లీ పోయింది. ఆమె చేసింది తప్పో ఒప్పో నాకూ అర్థం కాలేదు. మా ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి షాపు గడప పక్కన ఎండలో వేసి వచ్చాను.

ఇప్పటివరకు దాని మీద చీరలే పెడుతోంది. కూర్చోవడం లేదు.