పసుపు చేప గురించి వాకబు

మందమర్రిలో మా ఇంట్లో పగడాలు పెంచే చిన్న ఉప్పునీటి తొట్టి ఉంది. అందులో రెండేళ్లుగా నారింజ రంగు క్లౌన్ చేప ఒక్కటే తిరుగుతోంది. దానికి తోడు వెతుకుతూ కరీంనగర్‌లో చేపల దుకాణానికి వెళ్లాను. ఏ చేపను చూపించినా దుకాణాయన "మస్తు శాంతం సార్" అన్నాడు. అన్నీ అంత శాంతమైతే, నాకు నచ్చిన గోబీ అనే పసుపు చేపను ఒక్కదాన్నే వేరే తొట్టిలో ఎందుకు పెట్టినట్టు?

పెళ్లి సంబంధం చూసేటప్పుడు అవతలి వాళ్ల మాట నమ్ముతామా? ఇరుగుపొరుగును వాకబు చేస్తాం. నేనూ పక్కనున్న చాయ్ హోటలాయనను చాటుగా అడిగాను.

"నెల రోజుల సంది చూస్తున్న సార్. గా పసుపు చేప ఎవ్వల జోలికి పోదు. మిగిలినయే దాన్ని సతాయిస్తున్నయని పక్కకు తీసిండు" అన్నాడు.

ఇందులో ఈయనకేం ముడుతుందోనని ఆయన్నీ అనుమానించాను. చేపను కొని తెచ్చాక కూడా తొట్టి ముందు కుర్చీ వేసుకుని దాని మీదే కన్నేసి ఉంచాను.

మూడో రోజు పసుపు చేప తోక చిరిగిపోయి రాళ్ల సందులో నక్కింది. అది తల బయటపెడితే కొరకడానికి మా క్లౌన్ చేప ఎదురుగా కాచుకుని ఉంది.

ఊళ్లో అందరినీ అనుమానించాను గానీ, మా ఇంట్లోది ఎలాంటిదని ఒక్కరినైనా అడిగిన పాపాన పోలేదు.