అప్ప పిసికిన పిండి

నర్సీపట్నం ఏసుగుడిలో నెలనెలా మొదటి ఆదివారం పంచే ప్రభువు రొట్టె కాల్చేది జోగులమ్మే. పదకొండేళ్లుగా అదే పని. ఒక్క నెల తప్పలేదు.

పందొమ్మిదొందల ఇరవయ్యారో సంవత్సరం ఎండాకాలంలో ఆమె అప్ప, తోడబుట్టిన అక్క సోమలమ్మ, రాజమండ్రి వైపు నుంచి వచ్చింది. రైల్లో యలమంచిలి దిగి, అక్కణ్ణించి ఎడ్లబండి. ఒకే ముంతలో చోడి అంబలి తాగి పెరిగినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసి ఆరేళ్లయింది. ఇద్దరూ ఏసునే నమ్ముకున్నారు. కాకపోతే బాప్తిస్మమప్పుడు జోగులమ్మ ఏటిలో మునిగింది. సోమలమ్మకి అక్కడి సంఘంలో నెత్తిన నీళ్లు చల్లారు. చల్లితే బాప్తిస్మం కాదంటుంది నర్సీపట్నం సంఘం. మునగనివాళ్లకి రొట్టె పెట్టదు.

జోగులమ్మకి ఉన్నది ఒక్కటే ఆశ. అప్ప పక్కన కూర్చుని ఆ రొట్టె తినాలి.

శనివారం సాయంత్రం గుడిలో కూడినవాళ్లకి పాస్టరు దైవసహాయంగారు పాతకాలపు సంఘం కథ చెప్పారు. కుమారుడైన ఏసు తండ్రి దేవుడితో సమానమా, తక్కువా అని బిషప్పులు తగువులాడుకుంటుంటే, రాజ్యం చీలిపోతుందని రోము చక్రవర్తికి బెంగ పట్టుకుందట. అందర్నీ నైకియా అనే ఊరికి పిలిపించి, మధ్యన బంగారు కుర్చీలో తనే కూర్చున్నాడట. ఒక్క మాట మీదికి తెచ్చి, సంఘం నమ్మాల్సింది రాయించి సంతకాలు పెట్టించి, పెట్టనివాళ్లని దేశం దాటించాడట.

"అయ్యగారూ, ఆ రాజు అప్పటికి మునిగేడేటండి?" అంది జోగులమ్మ.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "లేదమ్మా. చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకున్నాడు."

"మునగనోడు బంగారు కుర్చీలో కూకుని మన నమ్మకం రాయించొచ్చు గానీ, మా అప్ప సాప మీద కూకుని రొట్టెముక్క తినకూడదేటండి?"

"రాజుతో మీ అప్పకి పోటీ ఏటి, జోగులమ్మా?" అన్నాడు వెనక నుంచి తాపీమేస్త్రీ పెదబాబు.

"ఆ రాజు కన్నా బేగే తగిలాయిలే మా అప్పకి నీళ్లు."

అందరూ నవ్వారు. పాస్టరుగారు నవ్వలేదు. "నువ్వన్నది తప్పని అనలేను. కానీ ఈ కట్టుబాటు నేనొక్కణ్ణీ ఎత్తేస్తే రేపీపాటికి మనమే రెండు సంఘాలమవుతాం తల్లీ."

ఇంటికొచ్చాక మర్నాటి రొట్టెకి పిండి సోమలమ్మే పిసికింది. "నాకు పెట్టకపోతే పోనీవే సెల్లీ. నా సేతి పిండి తింటారు కదా" అంది.

ఆదివారం పళ్లెం వరస వెంట వచ్చింది. జోగులమ్మ ముక్క తీసుకుని గుమ్మం వైపు చూసింది. బయట వసారాలో అప్ప కళ్లు మూసుకుని, ఖాళీ దోసిలి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

బండి ఎక్కుతూ సోమలమ్మ చెప్పింది, తమ గుడిలోనూ నెలలో మొదటి ఆదివారమే పంచుతారని.

అప్పట్నుంచి జోగులమ్మ ముక్కని వెంటనే నోట్లో వేసుకోదు. అరచేతిలో పెట్టుకుని కూర్చుంటుంది. అక్కడ పళ్లెం అప్ప దాకా వచ్చుంటుందని మనసుకి తోచాకే తింటుంది.