మా ఇంట్లో ఎంతమందిమి

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట అనుకుంటాను, మా లంకకు జనాభా లెక్కలు వచ్చాయి. కొల్లేటి నడుమ మెరక మీద యాభై గడపల ఊరు మాది. ఏలూరు వెళ్లాలన్నా, వైద్యుణ్ణి తీసుకురావాలన్నా పడవే దిక్కు. లెక్క రాసే పని మా బడి మాస్టారి మీద పడింది. ఆయన సర్కారు కాగితాలు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మా గుమ్మం ముందుకు వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది.

మా మామ్మ అరుగు మీద చేపలు ఎండబెడుతోంది.

"మామ్మగారూ, ఇంట్లో ఎంతమందండీ?" అన్నారు మాస్టారు.

"ఆరుగురవండి," అంది మామ్మ తలెత్తకుండా.

నేను తెల్లబోయాను. అప్పటికి ఇంట్లో మిగిలింది మామ్మా నేనూ, ఇద్దరమే. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. అయినా కాదనలేదు. కాగితాలు పక్కన పెట్టి అరుగు చివర కూర్చుని, ఒక్కొక్కరి గురించీ చెప్పమన్నారు.

మామ్మ చెప్పింది. వరద తీసిన ఏడాది కలరా వచ్చి మా అమ్మనీ, చంటి తమ్ముణ్ణీ ఒకే వారంలో తీసుకుపోయింది. మేనత్త అత్తిలి సంబంధం కుదిరి కాపురానికి వెళ్లిపోయింది. ఇక మా నాన్న. ఊళ్లో పని దొరక్క కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్లాడు, బియ్యం మిల్లులో పనికి. బయల్దేరిన రోజున పడవలో నిలబడి, జమ్ము గడ్డి అడ్డం వచ్చేదాకా నాకు తలగుడ్డ ఊపుతూనే ఉన్నాడు. మొదటి ఏడాది ఉత్తరాలు వచ్చాయి. తరవాత రాలేదు.

మాస్టారు అంతా విని, మెల్లగా అన్నారు. "మన ఊరు ఇలాగే చిక్కిపోతోందండి. పోయినవాళ్లు కొందరు, వెళ్లినవాళ్లు కొందరు. ఈ కాగితానికి ఇద్దరూ ఒకటే. మనకి కాదు కదండీ."

మామ్మ చెయ్యి చేపల మీదే ఆగిపోయింది. ఆయన మా పశువుల పాక వైపు చూశారు. అక్కడ ఒకావిడ చంటిపిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది.

"ఆవిడెవరండీ?"

"మా మనిషి కాదండి. కామవరపుకోట అవతల్నించి కోతలకొచ్చింది. అక్కడ వానల్లేవంట. మొగుడు లేడు. ఎక్కడికీ పోలేక ఉండిపోయింది."

"మీ గంజే తాగుతోంది, మీ పాకలోనే పడుకుంటోంది. అయితే మీ ఇంట్లో నలుగురండి. పుట్టేవాళ్లతో, ఇలా వచ్చేవాళ్లతోనే కదండీ ఊరు మళ్లీ నిండేది. ఆ పిల్లాడి పేరేవిటి?"

మామ్మకు తెలియదు. రెండు నెలలుగా రోజూ గంజి పోస్తోంది గాని పేరు అడగలేదు. నేనూ అడగలేదు. నాకెందుకో సిగ్గేసింది. మామ్మ చేతులు కడుక్కుని పాకలోకి వెళ్లింది. చాలాసేపు అక్కడే ఉంది. వచ్చేటప్పుడు పిల్లాడు మామ్మ చంకలో ఉన్నాడు. తల్లి పేరూ, పిల్లాడి పేరూ తనే చెప్పి రాయించింది. మాస్టారు లేవబోతుంటే అడిగింది.

"మా అబ్బాయిని అక్కడెవరైనా రాస్తారాండీ?"

"రాస్తారండి. రంగూన్లోనూ ఇలాగే లెక్క తీస్తున్నారు. ఏ కప్పు కింద ఉంటే అక్కడ, ఎవరో ఒకరు పేరడిగి రాసుకుంటారు."

మామ్మ పిల్లాణ్ణి గుండెకు అదుముకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ పూట నుంచి ఆ తల్లికి మా వంటింట్లోనే అన్నం పెట్టింది. వాళ్లు ఇక వెళ్లలేదు. ఆ పిల్లాడు మామ్మను మామ్మా అనీ, నన్ను అక్కా అనీ పిలుస్తూ పెరిగాడు. మామ్మ పోయినప్పుడు కొరివి పెట్టింది అతనే.

మా నాన్న రాలేదు. ఉత్తరమూ రాలేదు. ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు కూడా రాలేదు.

పెళ్లయి తాడేపల్లిగూడెం వచ్చి ఇన్నేళ్లయినా, మా వీధిలోకి పొరుగూరి నుంచి ఎవరు బతకడానికి వచ్చినా ముందు వాళ్ల పేరు అడుగుతాను. అడిగిన ప్రతిసారీ మనసు కొల్లేరు దాటి, సముద్రం దాటి వెళ్లిపోతుంది. ఆ రంగూన్లో ఎవరో ఒక ఇల్లాలు, అరుగు మీంచి మా నాన్నను పిలిచి, నీ పేరేమిటి నాయనా అని అడిగే ఉంటుందని అనుకుంటాను.