అన్న చెప్పిన మూడు

డిగ్రీ రెండో ఏడాదిలో, సేవ చేస్తేనే సర్టిఫికెట్టు అన్నారు మా నారాయణగూడ కాలేజీలో. అందరూ మొక్కలు నాటడానికి పేర్లిచ్చారు. నేను మాత్రం చూపులేనివాళ్లకు పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్ పని ఎంచుకున్నాను. నీడపట్టున, ఫ్యాను కింద కూర్చోవచ్చని. అదీ నా సేవాభావం.

అలా పరిచయమయ్యాడు ఆ అన్న. పుట్టుకతోనే చూపు లేదు. అశోక్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని ఏళ్ల తరబడి ఉద్యోగ పరీక్షలు రాస్తున్నాడు. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరిసారి. నెల రోజులు చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని పాత ప్రశ్నలు చదివి వినిపించాను. ఒక్క మాట మింగినా పట్టేసేవాడు. "జర నిమ్మళంగ చదువు చెల్లె, ఉరుకుతున్నవెందుకు?" అనేవాడు.

పరీక్షలో స్క్రైబ్ చేయాల్సింది ఒక్కటే. ప్రశ్న చదవాలి, జవాబు పత్రంలో ఆయన చెప్పిన నంబరు బబుల్ దిద్దాలి. సొంత తెలివి వాడకూడదు. ఒక నది గురించిన ప్రశ్నకు ఆయన "మూడు" అన్నాడు. నాకు రెండని గట్టి నమ్మకం. పాపం, ఆఖరిసారి కదా! రెండు దిద్దేశాను. ఇంకో రెండు ప్రశ్నలకూ అదే ఉపకారం చేశాను. ఇంటికొస్తూ నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

వారానికి సరైన జవాబుల కీ వచ్చింది. తాను తడబడిన ప్రశ్నలన్నీ ఆయన గుర్తుపెట్టుకున్నాడు. ఒక్కొక్కటే నాచేత చదివించుకున్నాడు. నదికి జవాబు మూడే. మిగతా రెండింటికీ ఆయన చెప్పినవే సరి.

"ఈసారి అయితది చెల్లె," అని చాయ్ తెప్పించాడు. తాగాను.

కాలేదు. రెండు మార్కుల్లో పోయింది.

"నేనే ఏడనో తప్పు జెప్పి ఉంట," అన్నాడు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. భయం, సిగ్గు. ఆయన ఉద్యోగం నేను తిన్నాను, ఆ మాట ఈరోజుకీ ఆయనకు తెలియదు.

ఆయన గది ఖాళీ చేసే రోజు కాలేజీ ఫారం పట్టుకుని వెళ్లాను. సాయం పొందినవాళ్ల అభిప్రాయం రెండు ముక్కలు, కింద వేలిముద్ర కావాలట. మూట కట్టిన పుస్తకాల పక్కన కూర్చుని ఆయన చెబుతుంటే నేనే రాశాను.

"ఈ చెల్లె నేను చెప్పింది చెప్పినట్టు రాసింది. నా సొంత చెయ్యి లెక్క."

ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు. ముద్ర ఎక్కడ వేయాలో, ఆయన వేలు పట్టుకుని నేనే చూపించాను.